వంతెనమ్మ దాటని వంతెన

అబద్ధమాడినా అతికినట్టుండాలని పెద్దలు ఊరికే అనలేదు. కానీ మరీ గట్టిగా అతుక్కుపోతే ఏం చెయ్యాలో మాత్రం ఆ పెద్దలెవరూ చెప్పి పోలేదు. అది తెలియాలంటే వంతెనమ్మను అడగాలి.

నగరాన్ని నిట్టనిలువునా రెండు ముక్కలు చేస్తూ ఒక లోయ ఉంది. అలాంటిలాంటి లోయ కాదు. పైనుంచి చూస్తే అడుగున పారే ఏరు కుట్టుదారమంత కనిపిస్తుంది. ఆ లోయ మీద అయిదు కమానుల పాత రాతి వంతెన. మనుషులు నడవాల్సిందే తప్ప బండ్లు పోవడానికి వీల్లేనంత ఇరుకు. దానికి ఈ చివర ఒక గైడు, ఆ చివర ఒక గైడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఈ చివర టికెట్టు కొనుక్కుని, ఇక్కడి గైడు చెప్పే చరిత్ర విని, తమంతట తాము వంతెన దాటి, అక్కడి గైడు చెప్పే చరిత్ర కూడా వినాలి. ఇదీ నగరపాలక సంస్థ పెట్టిన పద్ధతి. ఈ చివరి గైడే మన వంతెనమ్మ. ఇరవై ఏళ్ళకు పైగా ఆ వంతెన గురించి చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్న మనిషి. ఆ ఇరవై ఏళ్ళలో దాని మీద ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. అప్పుడే నవ్వకండి, నవ్వాల్సినవి ముందున్నాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ నిజమే చెప్పేది. ఎప్పుడు కట్టారు, రాయి ఎక్కణ్ణుంచి తెచ్చారు, కమాను ఎత్తెంత. నిజంతో వచ్చిన చిక్కేమిటంటే, అది వింటూ జనం ఆవులిస్తారు. ఒకరోజు ఒక పెద్దమనిషి ఎదురుగా నిలబడే నిద్రపోతుంటే ఆవిడకు ఒళ్ళు మండింది. "ఈ వంతెన కట్టిన మేస్త్రీ మాత్రం చచ్చేదాకా దీని మీద అడుగు పెట్టలేదండీ," అనేసింది. ఆ మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆవిడకే తెలియదు. పెద్దమనిషి కళ్ళు ఇంతింత చేసుకుని, మరి ఎందుకు పెట్టలేదని అడిగాడు.

ఇక ఆగుతుందా. గోరంత కొండంతయింది. రెండో కమాను దగ్గర అబద్ధాలకోరు నడిస్తే వంతెన అంచున ఉన్న ఇనుప కటకటాలు మూలుగుతాయి. మూడో కమానులో నడిమి రాయి వదులు, కాలు పడితే కదులుతుంది. అక్కడ రాళ్ళు చాలక మేస్త్రీ తన ఇంటి మెట్లు పీకి పెట్టాడు, అందుకే ఆయన భార్య ఆయన్ని ఇంట్లోకి రానివ్వలేదు. జనం నోరెళ్ళబెట్టి విన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఇక్కడ వచ్చిన తంటా ఏమిటంటే, వచ్చినవాళ్ళు ఒక్కసారి విని పోయారు, ఆవిడ చెవులు మాత్రం ఇరవై ఏళ్ళపాటు రోజూ విన్నాయి. వినగా వినగా ఆవిడే నమ్మేసింది. ఇప్పుడు టికెట్ల కిటికీ దాటి పది అడుగులు వేస్తే చాలు, అరికాళ్ళలో చీమలు పాకుతాయి. వంతెన మొదట్లో నేల మీద ఒక తెల్ల గీత ఉంటుంది. ఆవిడ లోకం అక్కడితో సరి.

ఈ సంగతి ఎవరికీ తెలియదు. తెలిస్తే ఇంకేమైనా ఉందా. ఈత రానివాడు పడవ నడిపినా లోకం ఊరుకుంటుందేమో గానీ, వంతెనంటే భయపడే వంతెనమ్మను బతకనిస్తుందా.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు కదా, ఆ తలదన్నేవాడు అవతలి గైడు. ఆయన్ని ఈ గట్టున అందరూ అవతలాయన అంటారు. ఆయన చేతిలో ఒక మైకు, మెడలో ఒక దుర్బీను. గొంతుకు మైకు అవసరం లేదు, అయినా వాడతాడు. ఆయన చరిత్రలో వంతెనకు మొదటి రాయి అవతలి గట్టునే పడింది. ఈవిడ చరిత్రలో ఇవతలి గట్టున. ఇద్దరి మధ్యా ఈ ఒక్క రాయి మీద ఏళ్ళ తరబడి యుద్ధం. జనం మధ్యవర్తులు. ఇక్కడ విన్నది అక్కడ మోసి, అక్కడ విన్నది మళ్ళీ ఇక్కడ దించి పోయేవాళ్ళు.

ఇలాంటి ఇద్దరూ వియ్యంకులయ్యారు. అదీ తమాషా. తల్లి అడుగు పెట్టని వంతెన మీద కూతురు రోజూ పరుగులు పెట్టి, అవతలాయన కొడుకును చూసి, వాడే కావాలంది. పెళ్ళి అవతలే. అప్పట్లో లోయను చుట్టి వెళ్ళే బస్సుండేది కాబట్టి వంతెనమ్మ అందులో పూటంతా కుదుపులు తిని వెళ్ళి, అక్షింతలు వేసి, మళ్ళీ ఆ బస్సులోనే వచ్చింది. ఆ ఏడే కొండ విరిగిపడి చుట్టు రోడ్డు మూసుకుపోయింది. దాన్ని బాగుచెయ్యడం గురించి నగరపాలక సంస్థ ఈ మూడేళ్ళుగా ఆలోచిస్తూనే ఉంది.

ఈ మూడేళ్ళలో ఆవిడ కూతురి ఇల్లు చూడలేదు. కూతురే ప్రతి ఆదివారం వంతెన మీద నడిచి వచ్చేది. ఆ పిల్ల వంతెన మీదున్నంతసేపూ తల్లి వంటగదిలో కళ్ళు మూసుకుని నిలబడేది. "మా ఇంటికి ఎప్పుడొస్తావమ్మా?" అని అడిగితే ఒకసారి మోకాళ్ళన్నది, ఒకసారి జలుబన్నది, ఒకసారి సీజనన్నది. కూతురు అడిగీ అడిగీ ఈమధ్య అడగడం మానేసింది. అడిగినప్పటికంటే ఇదే ఆవిడకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆ రోజు పొద్దున పసుపురంగు టోపీలు పెట్టుకుని రిటైరైన టీచర్ల బృందం వచ్చింది. వాళ్ళలో ఒక పొడుగాటావిడ ఎండా వానా లేకపోయినా గొడుగు వేసుకుని నిలబడింది. లెక్కల టీచరట. వంతెనమ్మ మూడో కమాను రాయి గురించి మంచి పట్టు మీద చెబుతుండగా ఫోను మోగింది. అల్లుడు.

"అత్తయ్యగారూ, నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో చేర్చాం. మిమ్మల్నే అడుగుతోంది."

ఆసుపత్రి వంతెనకు అవతలి కొసనే. ఇక్కణ్ణుంచి చూస్తే దాని మేడ మీద ఆరేసిన దుప్పట్లు కనిపిస్తాయి. వంతెనమ్మ ఆ దుప్పట్లకు వీపు తిప్పింది. "వస్తా బాబూ, ఈ బృందాన్ని పంపించేసి, కాస్త మోకాలు..."

ఫోను చేతులు మారింది. కూతురి గొంతు.

"అమ్మా, ఇవాళ కూడా మోకాలంటే సరే. కానీ ఆ మోకాలు తగ్గాక కూడా ఇక రావద్దు." మధ్యలో ఒక మూలుగు వచ్చింది. తరవాత ఫోను ఆగిపోయింది.

ముందు నుయ్యి వెనుక గొయ్యి అని ఊరికే అనడమే గానీ, ఆవిడ ముందు నిజంగానే అంత గొయ్యి. ఏం చేస్తుంది. ఫోను బొడ్లో దోపుకుంది. తెల్ల గీత దగ్గరికి వెళ్ళింది. గీతను చూసింది. దుప్పట్లను చూసింది. కళ్ళు మూసుకుని కాలెత్తి, గీతకు అవతల వేసింది. భూమి బద్దలు కాలేదు. రెండో కాలు కూడా వేసింది.

వెనకాల చప్పుడైతే తిరిగి చూసింది. పసుపు టోపీలన్నీ వరసగా ఆవిడ వెంట వస్తున్నాయి.

"మీరే మాతోపాటు వంతెన దాటతారని టికెట్టు మీద రాయలేదే," అంది గొడుగావిడ సంబరంగా. "ఇది ప్రత్యేకమా?"

"ప్రత్యేకమేనండీ," అంది వంతెనమ్మ. ఇంకేమంటుంది.

నోరు మూసుకుంటే కింద ఏటి హోరు వినిపిస్తోంది. మాట్లాడుతుంటే వినిపించడం లేదు. కాబట్టి మాట్లాడాలి. కానీ ఈ వంతెన గురించి ఆవిడకు తెలిసిన ప్రతి ముక్కా కాళ్ళు వణికించేదే. ఇరవై ఏళ్ళు కష్టపడి కట్టుకున్న చరిత్రను ఆవిడ అక్కడికక్కడే రిపేరు చెయ్యడం మొదలుపెట్టింది.

"మేస్త్రీ ఈ వంతెన మీద అడుగు పెట్టలేదని చెప్పాను కదండీ. పెట్టాడు. రోజూ పెట్టాడు. వాళ్ళ అమ్మను వీపు మీద ఎక్కించుకుని మరీ అటూ ఇటూ తిరిగేవాడు. ఆవిడ మంచి బరువైన మనిషి."

"మరి ఇందాక చచ్చేదాకా పెట్టలేదన్నారు," అంది గొడుగావిడ.

"చచ్చాక పెట్టలేదండీ. నా మాట సగమే మీకు వినబడింది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మొదటి కమాను దాటింది. రెండో కమాను దగ్గర గాలి విసిరి కొట్టింది, కటకటాలు ఊఁ అని మూలిగాయి. వంతెనమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి.

"అబద్ధాలకోరు నడిస్తే మూలుగుతాయన్నారు కదూ," అన్నాడు బృందంలో ఒక బట్టతలాయన. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తమలో ఎవరో ఒకరు దొంగ టీచరున్నట్టు.

"అది పాత రోజుల్లో. ఇప్పుడు నిజాయితీపరులు నడిస్తే మూలుగుతాయి, మర్యాదకి," అంది వంతెనమ్మ, అడుగు తరవాత అడుగు వేస్తూ. చెమటకు జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. "పైగా ఈ కటకటాలు ఉత్త ఇనుము అనుకునేరు. ఏనుగులు ఒరుసుకున్నా వంగవు. మొన్ననే ఒరుసుకున్నాయి."

"ఏ ఏనుగులు?"

"మీరు చూడలేదు, మీ ముందు బృందం చూసింది."

ఇప్పుడు అందరూ పగలబడి నవ్వుతున్నారు. రిటైరైన టీచర్లు నవ్వితే ఎలా ఉంటుందో మీరెప్పుడైనా విన్నారా. ముప్ఫై ఏళ్ళు క్లాసులో బిగబట్టుకున్న నవ్వంతా ఒక్కసారే బయటికొస్తుంది. వాళ్ళ నవ్వు ఆవిడకు ఆసరాగా ఉంది. నవ్వించినంతసేపూ కాళ్ళు కదులుతున్నాయి. ఈ లెక్కన దాటేస్తానేమో అని ఆశ కూడా పుట్టింది. ఆ ఆశతోనే మూడో కమాను మీదికి వచ్చింది.

"ఇక్కడేగా వదులు రాయి," అంది గొడుగావిడ, గొడుగు ముడిచి దాని మొనతో నేల మీద టకటకా పొడుస్తూ.

"పొడవకండి తల్లీ. దాన్ని తీసేసి కొత్తది పెట్టారు."

"ఎప్పుడు?"

"ఇందాకే."

"మనం టికెట్ల దగ్గరున్నప్పుడు వదులుగానే ఉందన్నారు."

"మనం వస్తుండగా పెట్టారు."

లెక్కల టీచరు చేతి గడియారం చూసుకుంది. సరిగ్గా అప్పుడే వంతెనమ్మ చూపు జారి, కటకటాల సందులోంచి కిందికి పోయింది. కుట్టుదారం. ఆ దారం మెల్లగా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. కళ్ళు బైర్లు కమ్మాయి. చెప్పడానికి ఇంకో అబద్ధం కోసం వెతుక్కుంది. ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. ఇరవై ఏళ్ళుగా వంతెన చరిత్ర చెప్పిన వంతెనమ్మ ఆ వంతెన నట్టనడుమ, రాతి మీద, కాళ్ళు బారజాపుకుని చతికిలబడింది.

పసుపు టోపీలు చుట్టూ మూగాయి.

"ఇది కూడా ప్రత్యేకంలో భాగమేనా?" అన్నాడు బట్టతలాయన మెల్లగా.

"కాదండీ," అంది వంతెనమ్మ. ఏడుపొచ్చేసింది. "నాకు భయం. ఈ వంతెనంటే నాకు చచ్చేంత భయం. నేనెప్పుడూ దీని మీదికి రాలేదు. నేను చెప్పినవన్నీ నేనే కల్పించాను. రాయి వదులుగా లేదు, మేస్త్రీ ఎవరో నాకు తెలియదు. నా కూతురు అదిగో ఆ దుప్పట్ల కింద పురిటి నొప్పులు పడుతోంది. మూడేళ్ళుగా దాని గడప తొక్కలేదు. ఇవాళ కూడా పోకపోతే దాని మొహం నేను మళ్ళీ చూడలేను."

ఎవరూ నవ్వలేదు. గొడుగావిడ గొడుగు పక్కన పడేసి ఆవిడ పక్కనే నేల మీద కూర్చుంది. "నాకు బల్లులంటే భయం," అంది. "ఒకసారి క్లాసులో బల్ల మీదెక్కి నిలబడ్డాను. హెడ్‌మాస్టరు వస్తే, ఎత్తు కొలుస్తున్నానని చెప్పాను." వంతెనమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది. కానీ కాళ్ళు మాత్రం రాయికి రాయిలా అంటుకుపోయే ఉన్నాయి. ఇద్దరు చంకల కింద చేతులేసి లేపబోతే వదలమని కేకలు పెట్టింది. మోసుకెళ్తామంటే ఇంకా పెద్ద కేక పెట్టింది.

అప్పుడు అవతలి గట్టు నుంచి మైకు గరగరమంది.

"వినండి. ఈ మహా వంతెనకు మొట్టమొదటి రాయి," అని ఖణేల్‌మంది అవతలాయన గొంతు, "ఇదిగో ఈ గట్టునే, నా కాలి కిందే పడింది."

వంతెనమ్మ తల ఎత్తింది.

"ఆ గట్టువాళ్ళు అప్పుడేం చేస్తున్నారయ్యా అంటే, గుడ్లప్పగించి చూస్తున్నారు. సగం వంతెన తయారై వాళ్ళ ముక్కు దాకా వచ్చాక, ఓహో ఇది వంతెనా అన్నారు."

"ఏమన్నాడు?" అంది వంతెనమ్మ.

"గుడ్లప్పగించి చూశారన్నాడు," అంది గొడుగావిడ, పుండు మీద కారం చల్లుతున్నట్టు.

"పైగా," అంది మైకు, "ఆ గట్టున ఒక గైడుంది. మా వియ్యపురాలే, నా నోటితో నేను చెప్పకూడదు. ఆవిడ చెప్పే చరిత్రలో పావు వంతు కూడా నిజం ఉండదు. నిజమైతే ఇక్కడికొచ్చి నా ముందు చెప్పమనండి."

లేచింది. ఎవరూ లేపలేదు, ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మరీ లేచింది. "అన్నయ్యగారూ, నోరు అదుపులో పెట్టుకోండి," అని లోయ దద్దరిల్లేలా అరుస్తూ బయల్దేరింది. "మొదటి రాయి మాది. మీ గట్టున పడింది రాయి కాదు, మేం పారేసిన బెడ్డ."

"వినపడ్డం లేదు చెల్లెమ్మా, ఇంకాస్త దగ్గరికొచ్చి చెప్పండి."

"వస్తున్నా. మీ దగ్గరికే వస్తున్నా. మీ మైకు లాక్కుని మీ గట్టు మీదే చెబుతా."

"సున్నం కలిపింది కూడా మేమే," అంది మైకు.

"మీకు అన్నంలో ఉప్పు కలపడం రాదు, సున్నం కలిపారా."

నాలుగో కమాను ఎప్పుడు పోయిందో ఆవిడకు తెలియదు. గాలి కొట్టింది, కటకటాలు మూలిగాయి, ఆవిడ వాటినీ కసిరింది. వెనక పసుపు టోపీలు పరుగులాంటి నడకతో, ఈలలు వేస్తూ, చప్పట్లు కొడుతూ వస్తున్నాయి. సగం మంది మొదటి రాయి మనదే అని అరుస్తున్నారు, వాళ్ళది ఏ గట్టూ కాకపోయినా. అయిదో కమాను కూడా వెనకబడింది. కాలి కింద రాయి పోయి మట్టి తగిలింది.

ఆయాసంతో రొప్పుతూ వేలు చూపించి, "ఏదీ, ఇప్పుడనండి, ఎవరికి చెబుతున్నారు ఈ అబద్ధాలన్నీ," అంది వంతెనమ్మ.

అని, అప్పుడు చూసింది. అవతలాయన ముందు ఒక్క మనిషి లేడు. బెంచీలన్నీ ఖాళీ. ఆయన మైకు ఆపి పక్కన పెట్టాడు. బెంచీ మీద మంచినీళ్ళ సీసా సిద్ధంగా ఉంది.

"తాగండి చెల్లెమ్మా," అన్నాడు మైకు లేని గొంతుతో. అది ఇంత మెత్తగా ఉంటుందని ఆవిడకు ఇన్నాళ్ళూ తెలియదు. "ఆ తెల్ల గీత దగ్గర మీ కాళ్ళు ఎలా ఆగిపోతాయో నేను ఈ దుర్బీనులోంచి ఏళ్ళుగా చూస్తున్నాను. ఇవాళ మధ్యలో కూర్చుండిపోవడం కూడా చూశాను. భయం పోగొట్టడం నాకు రాదు. మీకు కోపం తెప్పించడం మాత్రం బాగా వచ్చు."

వంతెనమ్మ సీసా ఎత్తి నీళ్ళు గటగటా తాగింది. "మరి అమ్మాయికి ఎందుకు చెప్పలేదు?"

"అది మీరు చెప్పాల్సిన మాట. నేను చెబితే బాగుండదు. పదండి, రెండో అంతస్తు."

ఆసుపత్రి మెట్లు ఎక్కుతుంటే ఒళ్ళంతా తేలిపోతున్నట్టుంది. దారిలో కనపడ్డ ప్రతి నర్సుకూ, "నేను నడిచి వచ్చానమ్మా, వంతెన మీద," అని చెప్పింది. గది గుమ్మంలో అల్లుడు ఆవిడను చూసి గబగబా పక్కకు జరిగి దారిచ్చాడు. మంచం మీద కూతురు జుట్టంతా నుదుటికి అంటుకుని, పెదవి కొరుక్కుంటూ ఉంది. తల్లిని చూసింది. మొహం అటు తిప్పుకోలేదు, అలాగని నవ్వనూ లేదు.

"ఎలా వచ్చావు?"

"నడిచి."

"మోకాళ్ళు?"

"మోకాళ్ళకేం, గుండ్రాళ్ళలా ఉన్నాయి. ఎప్పుడూ బాగానే ఉన్నాయి." ఆవిడ మంచం అంచున కూర్చుంది. "నాకు భయమే. వంతెనంటే భయం. నోటికొచ్చినవన్నీ చెప్పీ చెప్పీ, నాకే భయం పట్టుకుంది. పరువు పోతుందని నీకు చెప్పలేదు."

కూతురు మోచేతి మీద కాస్త లేచింది.

"భయమా? ఒట్టి భయమేనా?" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను చేసుకున్న పెళ్ళి నీకు ఇష్టం లేదనుకున్నాను. మా ఇల్లు నీ కంటికి ఆనలేదనుకున్నాను. ప్రతి ఆదివారం నీ దగ్గర్నుంచి వెళ్తూ ఆ వంతెన మీదే ఏడ్చుకుంటూ వచ్చేదాన్ని, తెలుసా?"

వంతెనమ్మకు తెలియదు. ఆ పిల్ల వంతెన మీదున్నంతసేపూ ఆవిడ కళ్ళు మూసుకునే ఉండేది. ఇప్పుడు కూతురి నుదుటి మీద జుట్టు పక్కకు తీసింది. ఇంతలో ఇంకో నొప్పి వచ్చింది. కూతురు తల్లి చెయ్యి అందుకుని, ఎముకలు విరిగేలా నొక్కి, నొప్పి తగ్గాక కూడా వదల్లేదు.

"ఒక్క మాట చెప్పి ఉంటే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేదాన్ని కదమ్మా," అంది. తరవాత ఏదో గుర్తొచ్చినట్టు ఆవిడ మొహంలోకి చూసి, ఆ నొప్పుల్లోనే నవ్వడం మొదలుపెట్టింది. "మరి తిరిగి ఎలా వెళ్తావే?"

ఆ సంగతి వంతెనమ్మ ఆలోచించనే లేదు. ఆవిడ మొహం పాలిపోయింది. అది చూసి కూతురికి నవ్వు ఇంకా ఎక్కువైంది, అల్లుడు కూడా నవ్వేశాడు, నర్సు వచ్చి ఇది నవ్వే టైమా అని అందరినీ కోప్పడింది.

"నేను తీసుకెళ్తాలే," అంది కూతురు, కళ్ళు తుడుచుకుంటూ. "నేను లేచి బాగా నడవగలిగాక, చెయ్యి పట్టుకుని. అప్పటిదాకా మా ఇంట్లోనే ఉండాలి, సరేనా?"

"సరే," అంది తల్లి. "నువ్వు మెల్లగానే లే. నాకేం తొందర లేదు."